పారిస్‌లో నెపోలియన్‌ని చూసొచ్చా... మూసారాంబాగ్‌లో రేమండ్‌ని మాత్రం ఇన్నేళ్లూ చూడలే!

మూసారాంబాగ్ మెట్రో స్టేషన్ మీదుగా ఎన్ని వందల సార్లు వెళ్లి ఉంటానో లెక్క లేదు. బీటెక్ అయ్యాక దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో పడి కోచింగ్ తీసుకున్న రోజులు, తర్వాత అమీర్‌పేట వైపు ఉద్యోగానికి వెళ్లిన రోజులు... ఆ స్టేషన్ పేరు చెప్పే అనౌన్స్‌మెంట్ నిద్రలో కూడా వినిపించేది. ఆ పేరు ఎవరిదని ఒక్కరోజు అడిగిన పాపాన పోలేదు. మూసీ నది పక్కనే కదా, దాని పేరేదో అయి ఉంటుందిలే అనుకున్నా.

తీరా చూస్తే అది ఒక ఫ్రెంచ్ సైనికుడి పేరు. మాన్సియర్ రేమండ్. ఆయన్ని ముస్లింలు మూసా రహీం అని, హిందువులు మూసా రామ్ అని పిలుచుకునేవాళ్లట. ఆ మూసా రామ్ తోటే మన మూసారాంబాగ్.

ఈ సంగతి నాకు హైదరాబాద్‌లో తెలియలేదు. పారిస్‌లో, ఆఫీసు క్యాంటీన్‌లో కాఫీ తాగుతుంటే తెలిసింది.

బోధన్ టు పారిస్

పోయిన చలికాలం కంపెనీ మూడు వారాలు ఆన్‌సైట్ పంపింది. క్లయింట్ ఆఫీసు లా దేఫాన్స్‌లో. మాది బోధన్ దగ్గర పల్లె. నాన్నను బాపు అంటాం. "ఏడికి పోతున్నవ్ బిడ్డా?" అంటే, "నెపోలియన్ ఊరికి బాపూ" అని చెప్పా. బాపుకి నెపోలియన్ తెలుసు. పదో తరగతి దాకా చదివిండు. "గా టోపీ అడ్డం పెట్టుకునేటాయనే గదా" అన్నాడు.

మొదటి శనివారం ఇన్వాలిద్‌కి వెళ్లా. బంగారు గుమ్మటం దూరం నుంచే మెరుస్తుంటుంది. లోపలికి వెళ్తే కింద ఒక పెద్ద గుండ్రటి గొయ్యి, అందులో ఎర్ర రాతి శవపేటిక. చుట్టూ 12 విజయదేవతల విగ్రహాలు. నెపోలియన్ 1821లో సెయింట్ హెలెనా దీవిలో బ్రిటిష్ వాళ్ల ఖైదీగా చనిపోతే, 1840లో శరీరాన్ని పారిస్‌కి తెచ్చారు. ఈ సమాధి పూర్తయ్యేసరికి 1861 అయింది. కట్టడంలో ఒక చిన్న కిటుకు ఉంది. పైన కటకటాల దగ్గర నిలబడి చూడాలి, చూడాలంటే తల వంచాలి. టికెట్ కొనుక్కొని వచ్చిన ప్రతివాడూ తెలియకుండానే చక్రవర్తికి దండం పెట్టి పోతాడు. యూఎక్స్ డిజైన్ అంటే ఇదీ అనిపించింది.

మరుసటి వారం మల్మెజాన్ వెళ్లా. లా దేఫాన్స్ నుంచి బస్సులో పోవచ్చు. నాకు ఇన్వాలిద్ కంటే ఈ ఇల్లే ఎక్కువ గుర్తుండిపోయింది. నెపోలియన్ భార్య జోసెఫీన్ 1799లో కొన్న ఇల్లు అది. వెర్సైల్స్ లాగా కళ్లు బైర్లు కమ్మే ప్యాలెస్ కాదు. మన దొరల గడీ కంటే కొంచెం పెద్దది, అంతే. మంత్రులతో మాట్లాడే గదిని యుద్ధంలో వేసుకునే డేరా ఆకారంలో, గీతల గుడ్డతో అలంకరించారు. పక్కన లైబ్రరీ. బయట గులాబీ తోట, కాకపోతే జనవరిలో ముళ్లే ఉన్నాయి. జోసెఫీన్ 1814లో ఆ ఇంట్లోనే చనిపోయింది. వాటర్‌లూలో ఓడాక నెపోలియన్ చివరిసారిగా కొన్ని రోజులు తలదాచుకున్నది కూడా అక్కడే.

ఇల్లు బాగుంది. తోట బాగుంది. కానీ జోసెఫీన్ ఎక్కడి పిల్ల అని చదవడం మొదలుపెట్టాక నాకు వేరే సినిమా కనిపించింది.

ఆమె పుట్టింది పారిస్‌లో కాదు. కరీబియన్ సముద్రంలో ఉండే మార్టినిక్ దీవిలో, 1763లో. వాళ్లది చెరుకు తోటల కుటుంబం. ఆ తోటల్లో పనిచేసేది ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలు. అంటే చక్రవర్తి గారి అత్తగారిల్లు కూడా మా బోధన్ లాగే చెరుకు ఊరన్నమాట. పోలిక అక్కడితో సరి.

చక్కెర కోసం ఎంత పనైనా చేశారు

ఇప్పుడు కాస్త చరిత్ర. బోర్ కొట్టించను.

1780లలో యూరప్ తిన్న చక్కెరలో దాదాపు 40 శాతం ఒక్క దీవి నుంచి వచ్చేదని చెబుతారు. ఆ దీవి సెయింట్ డొమింగ్, ఇప్పటి హైతీ. ఫ్రెంచ్ వాళ్లది. 1791లో అక్కడి బానిసలు తిరగబడ్డారు. 1794లో ఫ్రెంచ్ విప్లవ ప్రభుత్వం బానిసత్వాన్ని రద్దు చేసింది. నెపోలియన్ వచ్చి 1802లో దాన్ని మళ్లీ చట్టబద్ధం చేశాడు. హైతీని లొంగదీయడానికి సొంత బావగారు లెక్లెర్క్‌ని సైన్యంతో పంపాడు. తిరుగుబాటు నాయకుడు టూసాంట్ లూవర్చర్‌ని మోసంతో పట్టుకొని ఫ్రాన్స్‌లో చలికొండల కోటలో పెట్టారు. 1803లో అక్కడే చనిపోయాడు. కానీ ఫ్రెంచ్ సైన్యం హైతీలో నిలవలేదు. సగం పచ్చజ్వరం చంపింది, సగం హైతీ వాళ్లు. 1804 జనవరి 1న హైతీ స్వతంత్ర దేశమైంది.

2021లో నెపోలియన్ చనిపోయి 200 ఏళ్లయినప్పుడు ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ బానిసత్వాన్ని మళ్లీ తేవడం తప్పు అని బహిరంగంగా చెప్పాడు. మార్టినిక్ జనం అంత ఓపిక పట్టలేదు. జోసెఫీన్ విగ్రహానికి 1991లోనే తల తీసేశారు. చాలా ఏళ్లు తల లేకుండానే నిలబడింది. 2020లో మొత్తానికే పడగొట్టారు.

హైతీ పోయింది. సముద్రం మీద బ్రిటిష్ నేవీ కాపలా. ఫ్రాన్స్‌లో చక్కెర ధర ఆకాశానికంటింది. అప్పుడు నెపోలియన్ కళ్లు ఒక దుంప మీద పడ్డాయి. షుగర్ బీట్. మనం కూరల్లో వేసుకునే బీట్‌రూట్‌కి చుట్టమే, కాకపోతే తెల్లగా ఉంటుంది. దాంట్లోంచి చక్కెర తీయొచ్చని జర్మనీ శాస్త్రవేత్తలు అప్పటికే కనిపెట్టారు. 1811 మార్చి 25న నెపోలియన్ ఆర్డర్ వేశాడు. 32 వేల హెక్టార్లలో బీట్ వేయాలి. అంటే దాదాపు 80 వేల ఎకరాలు. మరుసటి సంవత్సరం జనవరిలో దెలెసేర్ అనే వ్యాపారి పాసీలో తన మిల్లులో మంచి బీట్ చక్కెర తీశాడని తెలిసి, చక్రవర్తి స్వయంగా వెళ్లి, తన కోటు మీది లీజియన్ ఆఫ్ ఆనర్ పతకం తీసి ఆయనకి పెట్టాడు.

ఆ మార్చి 25 తారీఖు గుర్తు పెట్టుకోండి. మళ్లీ వస్తుంది.

ఇప్పటికీ యూరోపియన్ యూనియన్‌లో బీట్ చక్కెర ఎక్కువ తీసే దేశాల్లో ఫ్రాన్స్ ఒకటి. క్యాంటీన్‌లో కాఫీలో నేను వేసుకున్న చక్కెర ముక్క కూడా దుంపదే అని మా టీమ్‌మేట్ చెప్పింది. బోధన్ చెరుకు రైతు కొడుకుని, దుంప చక్కెర తాగి వచ్చా. ఇంట్లో చెప్పలేదు.

ఆ టీమ్‌మేట్ గురించి చెప్పాలి. మనిషి చూస్తే అచ్చం మన పక్కింటి అమ్మాయిలా ఉంటుంది. ఫ్రెంచ్ తప్ప ఏమీ రాదు. వాళ్లది రీయూనియన్, ఆఫ్రికా పక్కన హిందూ మహాసముద్రంలో ఉన్న ఫ్రెంచ్ దీవి. అక్కడ దక్షిణ భారత మూలాలున్న వాళ్లని మలబార్లు అంటారు. దక్షిణాదిలో ఎక్కడి నుంచి వచ్చినా మలబార్లే! "మా ముత్తాత తాత ఇండియా నుంచి వచ్చాడు. కాగితాల్లో యానాఁవ్ అని ఉంది. అదెక్కడ?" అని అడిగింది.

నాకు ఒక్క నిమిషం అర్థం కాలేదు. తర్వాత తట్టింది. యానాం! మన కాకినాడ పక్కన యానాం!

1828లోనే యానాం నుంచి తెలుగు కూలీల చిన్న గుంపొకటి రీయూనియన్ చేరింది. 1848లో బానిసత్వం పోయాక చెరుకు తోటలకు కూలీలు కావాలి కాబట్టి మన దేశం నుంచి వేలకు వేలు ఓడలెక్కించారు. పేరుకి కాంట్రాక్ట్. ఆఫర్ లెటర్‌లో ఒకటి, జాయిన్ అయ్యాక ఒకటి అన్న మాట మనకి కొత్త కాదుగానీ, వీళ్లది మనం ఊహించే కష్టం కాదు.

"మా నాన్నదీ చెరుకే" అన్నా.

"మీ దగ్గర మిల్లు ఉందా?"

"ఉంది. అంటే ఉండేది. 2015లో మూతపడింది."

ఆమె ఫోన్ తీసి ఒక ఫొటో చూపించింది. పాత చక్కెర మిల్లు, పెద్ద పెద్ద పళ్ల చక్రాలు, మధ్యలో స్కూల్ పిల్లలు. స్టెల్లా మతుతినా అని రీయూనియన్‌లో సెయింట్ లూ దగ్గర ఉన్న మిల్లు. 19వ శతాబ్దంలో కట్టారు, 1978లో మూసేశారు. 1991లో దాన్నే మ్యూజియం చేశారు. రిపేర్లు చేసి 2015లో మళ్లీ తెరిచారు. మా మిల్లు మూతపడిన సంవత్సరమే.

"మా తాత పనిచేసిన చోటు. ఇప్పుడు టికెట్ కొని లోపలికి పోతాం" అంది. ఆ మాటలో గర్వం ఉందో వెటకారం ఉందో నాకు తెలియలేదు. రెండూ ఉన్నట్టున్నాయి.

అదే రోజు ఆమె హైదరాబాద్, ఫ్రెంచ్ అని ఫోన్‌లో వెతికి, "మీ ఊళ్లో మా జనరల్ సమాధి ఉందట కదా, చూశావా?" అని అడిగింది. అలా పారిస్‌లో కూర్చుని మూసారాంబాగ్ గురించి తెలుసుకున్నా. సిగ్గుగా లేదా అంటే, ఉంది.

గుట్ట మీద జే, ఆర్

తిరిగొచ్చాక బాపు కంటి పరీక్షకి హైదరాబాద్ వచ్చిండు. హాస్పిటల్ పని పొద్దున్నే అయిపోయింది. "రా బాపూ, ఒక దగ్గరికి పోదాం" అని మూసారాంబాగ్ స్టేషన్‌లో దించా. అక్కడి నుంచి ఆటో. రేమండ్ సమాధి అంటే ఆటో అన్నకి తెలియలేదు. ఆస్మాన్‌గఢ్ గుట్ట దగ్గర అన్నాక "గట్ల చెప్పు" అని పది నిమిషాల్లో దింపాడు.

ఇళ్ల మధ్యలో చిన్న గుట్ట. పైకి ఎక్కితే గాలి బాగా కొడుతుంది. మధ్యలో నల్లరాతి స్తంభం, సుమారు 23 అడుగులు ఉంటుంది, పైకి పోనుపోను సన్నబడుతుంది. దాని మీద పేరు లేదు, బిరుదులు లేవు. జే, ఆర్ అని రెండు ఇంగ్లిష్ అక్షరాలు, అంతే. పక్కన గ్రీకు గుడి లాంటి స్తంభాల మండపం. 2001లో వర్షాలకి ఆ మండపం కూలిపోతే తర్వాత మళ్లీ కట్టారు. అందుకే స్తంభాలు కొంచెం కొత్తగా కనిపిస్తాయి. ఆయన గుర్రాన్నీ, కుక్కనీ కూడా పక్కనే పాతిపెట్టారని చెప్పుకుంటారు.

ఇన్వాలిద్‌లో చక్రవర్తికి తల వంచి చూడాలి. ఇక్కడ తలెత్తి చూడాలి. టికెట్ లేదు. మేం వెళ్లినప్పుడు ఇద్దరు కుర్రాళ్లు మండపంలో కూర్చుని రీల్ చేసుకుంటున్నారు.

"ఎవరి సమాధి బిడ్డా ఇది?" అన్నాడు బాపు.

మెట్ల మీద కూర్చోబెట్టి చెప్పా. మీకూ అదే చెప్తా.

రేమండ్ 1755లో ఫ్రాన్స్ దక్షిణాన గాస్కొనీలో పుట్టాడు. ఇరవై ఏళ్లకి పాండిచ్చేరి వచ్చాడు. వ్యాపారం కోసం వచ్చి సైనికుడయ్యాడు. బుస్సీ దగ్గర కూడా పనిచేశాడు. బుస్సీ అంటే బొబ్బిలి యుద్ధం సినిమా చూసిన వాళ్లకి తెలుసు. 1757 జనవరిలో బొబ్బిలి కోట మీదకి ఫిరంగులు తెచ్చిన ఫ్రెంచ్ దొర. అప్పుడు ఉత్తర సర్కార్లు, అంటే శ్రీకాకుళం నుంచి గుంటూరు వైపు దాకా కోస్తా, ఫ్రెంచ్ వాళ్ల చేతిలో ఉండేది. 1758 డిసెంబర్‌లో చందుర్తి దగ్గర ఓడి, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పోగొట్టుకొని వాళ్లు చేతులెత్తేశారు. లేకపోతే కోస్తా వాళ్లు ఇప్పుడు ఇంగ్లిష్ మీడియం బదులు ఫ్రెంచ్ మీడియంలో చదివేవాళ్లేమో.

రేమండ్ 1786లో నిజాం అలీ ఖాన్ కొలువులో చేరాడు. కొన్ని వందల మందితో మొదలుపెట్టి, పది పన్నెండేళ్లలో 14 వేల మంది సైన్యం తయారుచేశాడు. ఇప్పటి భాషలో స్టార్టప్‌ని స్కేల్ చేశాడు. ఫిరంగులు కొనడం కాదు, ఇక్కడే పోత పోయాలని ఫౌండ్రీ పెట్టాడు. తోప్ కా సాంచా అనేవాళ్లు. అబిడ్స్ దగ్గర గన్‌ఫౌండ్రీ అనే పేరు దాని నుంచే వచ్చింది. గన్‌ఫౌండ్రీ బ్యాంకు అని మనం రోజూ అంటాం, గన్ ఎక్కడ, ఫౌండ్రీ ఎక్కడ అని అడగం. పాత గోడలు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. మధ్యాహ్నం అక్కడికీ వెళ్లాం గానీ, చూసేదానికంటే ఊహించుకునేదే ఎక్కువ.

1795లో ఖర్దాలో మరాఠాలతో యుద్ధం. నిజాం ఓడాడు, కానీ రేమండ్ పటాలాలు బాగా పోరాడాయని పేరొచ్చింది. అదే ఏడాది నిజాం కొడుకు అలీ జా తిరగబడితే, వెంటపడి పట్టుకున్నదీ రేమండే. ఫ్రాన్స్‌లో విప్లవం వచ్చాక ఇక్కడి పటాలం కూడా మూడు రంగుల జెండా ఎత్తింది. రాజు గారి సైన్యం, రాజుల్ని తీసేసిన దేశం జెండా! నిజాం పట్టించుకోలేదు. బ్రిటిష్ వాళ్లు మాత్రం బాగా పట్టించుకున్నారు. ఇటు హైదరాబాద్‌లో రేమండ్, అటు శ్రీరంగపట్నంలో టిప్పు, దూరంగా నెపోలియన్. ముగ్గురూ కలిస్తే తమ పని అయిపోయినట్టే అని వాళ్ల భయం.

1798 మార్చి 25న రేమండ్ హఠాత్తుగా చనిపోయాడు. వయసు 42. విషం పెట్టారని కొందరు, ఆత్మహత్య అని కొందరు చెప్పుకున్నారు.

మార్చి 25. సరిగ్గా 13 ఏళ్ల తర్వాత నెపోలియన్ చక్కెర దుంప ఆర్డర్ వేసిన రోజు. దీనికి అర్థం ఏమీ లేదు, ఊరికే కలిసింది. కానీ నాకు మాత్రం కోడ్‌లో రెండు సంబంధం లేని ఫైళ్లలో ఒకే నంబర్ కనిపించినట్టు అనిపించింది.

రేమండ్ పోయిన రెండు నెలలకి, మే నెలలో, నెపోలియన్ ఈజిప్టుకి ఓడలెక్కాడు. టిప్పుకి ఉత్తరం కూడా రాశాడు. ఆలస్యమైపోయింది. 1798 సెప్టెంబర్ 1న నిజాం బ్రిటిష్ వాళ్లతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. వాళ్ల ఆరు బెటాలియన్లు ఇక్కడ ఉంటాయి, అందుకు ఏటా 24 లక్షల రూపాయల పైన చెల్లించాలి, ఫ్రెంచ్ వాళ్లని పంపెయ్యాలి. అక్టోబర్ 22న ఫ్రెంచ్ పటాలం ఆయుధాలు అప్పగించింది. ఎలాగంటే, జీతాలు బాకీ ఉన్నాయని సిపాయిలే తమ ఫ్రెంచ్ ఆఫీసర్ల మీద తిరగబడ్డారు. బ్రిటిష్ రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్, మాల్కం అనే అధికారి జీతాలు ఇప్పిస్తామని మాటిచ్చారు. పది వేల మందికి పైగా సైన్యం యుద్ధం లేకుండానే కరిగిపోయింది. జీతం టైమ్‌కి పడకపోతే ఎంత పెద్ద ప్రాజెక్టు అయినా ఇంతే.

ఆ తర్వాత ఒక్కొక్కటే జరిగిపోయాయి. 1799లో టిప్పు చనిపోయాడు. 1800లో నిజాం, సైన్యం ఖర్చు కింద బళ్లారి, కడప, కర్నూలు వైపు జిల్లాలు బ్రిటిష్ వాళ్లకి రాసిచ్చేశాడు. రాయలసీమని సీడెడ్ అంటారు కదా, అదీ కథ. కిర్క్‌పాట్రిక్ కోఠీలో కట్టించుకున్న రెసిడెన్సీ ఇప్పటి మహిళా విశ్వవిద్యాలయం. గెలిచినవాడి ఇల్లు ప్యాలెస్. ఓడినవాడిది గుట్ట మీద రాయి.

అయినా జనం రేమండ్‌ని మరిచిపోలేదు. చాలా ఏళ్లు ఆయన వర్ధంతి రోజు ఇక్కడ దీపాలు పెట్టి, అగరొత్తులు వెలిగించేవాళ్లు. పరాయి దేశపు సైనికుడికి ఉర్సు!

బాపు అంతా విని, "మంచిగనే జీతాలిచ్చిండేమో పాపం" అన్నాడు. తర్వాత స్తంభం మీద చెయ్యి పెట్టి చూసి, "రాయి మస్తుంది" అన్నాడు.

శక్కర్‌నగర్

ఊరికి వెళ్లాక బాపుని నేనే బోధన్ తీసుకెళ్లమన్నా. నిజామాబాద్ నుంచి పాతిక కిలోమీటర్లు. బోధన్ చిన్న ఊరేం కాదు. బుద్ధుడి కాలంలో అశ్మక రాజ్యానికి రాజధానిగా ఉన్న పోదన ఇదేనని చరిత్రకారులు చెబుతారు. కానీ మాకు బోధన్ అంటే శక్కర్‌నగరే.

మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. కాలవ నీళ్లొచ్చాయి, చెరుకు వచ్చింది. 1937లో ఏడో నిజాం కాలంలో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే అతిపెద్ద చక్కెర ఫ్యాక్టరీల్లో ఒకటి. సొంతంగా వేల ఎకరాల చెరుకు తోటలు, చెరుకు తెచ్చే రైలు పట్టాలు, క్వార్టర్లు, బడి, దవాఖాన. చక్కెరతో ఒక టౌన్‌షిప్.

నా చిన్నప్పుడు క్రషింగ్ సీజన్‌లో రాత్రంతా ఎడ్లబండ్ల లైన్ ఉండేది. కటింగ్ ఆర్డర్ వచ్చిందంటే ఇంట్లో పండగ. బాపు బండి కింద గొంగడి కప్పుకొని పడుకునేవాడు, నేను పక్కన చెరుకు గడ నములుతూ కూర్చునేవాణ్ణి. గాలి అంతా మడ్డి వాసన. ఆ వాసన బాగుండదు. కానీ ఇప్పుడు ఎక్కడైనా వస్తే ఆగి పీలుస్తా.

2002లో ఫ్యాక్టరీలో సగం పైన వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబర్‌లో బోధన్‌తో పాటు మెట్‌పల్లి, మెదక్ యూనిట్లూ ఆగిపోయాయి. 2024లో మళ్లీ తెరిపించే దారి చూడమని ప్రభుత్వం కమిటీ వేసింది. మా ఊళ్లో చెరుకు వేసినవాళ్లు చాలామంది వరికి, పసుపుకి మారిపోయారు. బాపు కూడా.

గేటు బయట నిలబడ్డాం. చిమ్నీ కనిపిస్తోంది. తుమ్మచెట్లు పెరిగినయ్. నేను ఫోన్‌లో రీయూనియన్ మ్యూజియం ఫొటో తీసి చూపించా. పళ్ల చక్రాలు, రంగు వేసిన బాయిలర్లు, పిల్లలు.

"చూడు బాపూ, మూతపడ్డ మిల్లుని వాళ్లు ఎట్ల చేసుకున్నరో. మనది కూడా గిట్ల చేస్తే?"

బాపు ఫోన్ దగ్గరికి పెట్టుకొని చాలాసేపు చూసిండు. మ్యూజియం గురించి అడుగుతాడనుకుంటే, "రోలర్లు మనయే పెద్దగుండె" అన్నాడు. తర్వాత ఫోన్ తిరిగిచ్చి, "మ్యూజియం సచ్చినోళ్లకు పెడతరు బిడ్డా. గిది ఇంకా సావలే" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. దశాబ్దంగా ఆగిన మిల్లు ఇంకా చావలేదంటాడేంటి? కారెక్కాక దారిలో వాదించా. కనీసం పాత యంత్రం ఒకటి, పాత రిజిస్టర్లు, బండ్ల లైన్ ఫొటోలు అయినా నిజామాబాద్ తిలక్ గార్డెన్ మ్యూజియంలో పెడితే, వచ్చే తరం పిల్లలకి శక్కర్‌నగర్ అంటే ఏంటో తెలుస్తుంది కదా. ఆ మ్యూజియంలో రాతి విగ్రహాలు, బిద్రీ సామాన్లు ఉన్నాయి, పక్కన చెరుకు కొడవలి ఉంటే తప్పేంటి? మన ఖిల్లా జైల్లో దాశరథి బొగ్గుతో గోడల మీద పద్యాలు రాశాడని ప్రతి స్పీచ్‌లో చెప్తారు, పిల్లల్ని తీసుకెళ్లి ఆ గోడ చూపించేవాళ్లెందరు? సెయింట్ హెలెనాలో నెపోలియన్ ఖైదీగా ఉన్న ఇంటిని ఫ్రెంచ్ ప్రభుత్వం 1858లోనే కొని, ప్రపంచం చివర్లో ఉన్నా ఇప్పటిదాకా కాపాడుకుంటోంది. ఇదంతా ఒకే ఊపులో చెప్పేశా.

బాపు కిటికీలోంచి చూస్తూ, "మళ్ల క్రషింగ్ మొదలైతే ఒక ఎకురం చెరుకు పెడ్త" అన్నాడు. నేను చెప్పింది విన్నాడో లేదో తెలియదు. నేను చెప్పింది తప్పు కాదు. కానీ ఆయన చేతిలో కటింగ్ ఆర్డర్ కావాలి, నా చేతిలో ఎంట్రీ టికెట్ కావాలి. ఈ రెండూ ఒకటి కావు.

యానాం బాకీ ఉంది

రీయూనియన్ అమ్మాయికి మాటిచ్చా, యానాం వెళ్లి వీడియో పంపుతానని. చిన్న ఊరు, చుట్టూ ఆంధ్రప్రదేశ్, పాలన మాత్రం పుదుచ్చేరిది. ఫ్రెంచ్ వాళ్లు 1954 దాకా ఉన్నారు. బ్రిటిష్ ఇండియాలో బాల్యవివాహాల్ని ఆపే శారదా చట్టం వచ్చినా ఫ్రెంచ్ యానాంలో చెల్లదు కాబట్టి, చుట్టుపక్కల వాళ్లు పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లి పెళ్లిళ్లు చేసేవాళ్లు. అందుకే దానికి కళ్యాణపురం అని పేరు. పాత చర్చి ఉంది, గోదావరి ఒడ్డు ఉంది, ఈఫిల్ టవర్‌ని తలపించే కొత్త టవర్ ఉంది. ఆమెకి టవర్ వద్దట. ఓడలెక్కిన ఒడ్డు ఎక్కడో అది చూపించమంది.

మీరు ఏదైనా ఆదివారం ఖాళీగా ఉంటే మూసారాంబాగ్‌లో దిగండి. ఆటో అన్నకి ఆస్మాన్‌గఢ్ గుట్ట అని చెప్పండి, రేమండ్ అంటే తెలియకపోవచ్చు. ఎండాకాలం అయితే సాయంత్రం ఐదు తర్వాతే వెళ్లండి, నల్లరాయి బాగా కాలుతుంది. నేను మార్చి 25న వెళ్తా. అగరొత్తులు తీసుకెళ్తా. బాపుని కూడా రమ్మన్నా, పసుపు మార్కెట్ టైమ్ అది, చూద్దాం అన్నాడు.